లెవెల్ పైపులో బుడగ

నా చిన్నప్పుడు మా తాతయ్య కట్టిన గోడకు వంక పెట్టినవాళ్లు మా ఊళ్లో లేరు. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులు తవ్వి నాలుగు రాళ్లు వెనకేసుకున్న రైతులు డాబా ఇల్లు అనుకోగానే ఆయనకే కబురు పంపేవారు. ఇంట్లోనూ అంతే. ఆయన మాటకు ఎదురు చెప్పడం మాకెవరికీ అలవాటు లేదు.

ఆయన దగ్గర పక్కింటి అక్క పని చేసేది. భర్త పోయాక, ఇద్దరు పిల్లల్ని పెంచుకోవడానికి తట్టలు మోసే పనిలోకి వచ్చింది. మా వైపు ఆడవాళ్లు సిమెంటు మాలు కలపాలి, ఇటుకలు అందించాలి, అంతే. తాపీ మగవాళ్ల చేతిలోనే ఉండాలి. ఆ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు కానీ అందరూ పాటించేవారు. తాతయ్య మాత్రం ఆమె చేతికి తాపీ ఇచ్చి, ముందు దొడ్డి గోడలు, ఆ తర్వాత అసలు గోడలు కట్టించారు.

ఆ వేసవిలో రాజమండ్రిలో తాపీ పనివాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారని తెలిసింది. అది చేతిలో ఉంటే ఆమెను ఎక్కడైనా మేస్త్రిగా తీసుకుంటారు. లేకపోతే ఎంత బాగా కట్టినా, కొత్త చోటికి వెళ్తే మళ్లీ తట్టే. పరీక్షకు కూర్చోవాలంటే, ఈమె నా దగ్గర గోడలు కట్టింది అని ఒక పెద్ద మేస్త్రి సంతకం చేయాలి. మర్నాటితో గడువు అయిపోతుందనగా ఆ కాగితం తాతయ్య చొక్కా జేబులో ఉంది. సాయంత్రం పని దిగాక చేస్తానన్నారు.

ఆ పొద్దున ఒక కొత్త ఇంటి పునాది మీద మట్టం చూస్తున్నారు. అందుకు లెవెల్ పైపు ఉండేది. నీళ్లు నింపిన సన్నటి గొట్టం, లోపలివి బయటికి కనిపిస్తాయి. ఈ కొసలో నీళ్లు ఎంత ఎత్తున నిలిస్తే ఆ కొసలోనూ అంతే ఎత్తున నిలుస్తాయి, అక్కడ గీత పెట్టుకుంటే రెండు మూలలూ సమానం. మధ్యలో గాలిబుడగ చిక్కుకుందంటే మాత్రం నీళ్లు అబద్ధం చెబుతాయి. బడికి సెలవులు కాబట్టి ఒక కొస నేను పట్టుకున్నాను. నా మోకాలి దగ్గరే గొట్టంలో బొటనవేలి గోరంత బుడగ కనిపించింది. తాతయ్య రెండో కొసలో గీత పెట్టేశారు. ఆయనకు తెలియకుండా ఉంటుందా అనుకుని కుక్కిన పేనులా ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి తూర్పువైపు రెండు వరసలు లేచాయి. అన్నం తిని వచ్చిన అక్క, నేల మీద పడున్న పైపును చూసి ఆగింది. కాసేపు అటూ ఇటూ తిరిగింది. సంతకం కాని కాగితం సంగతి ఆమె మరిచిపోయి ఉండదు. చివరికి తాతయ్య దగ్గరకు వెళ్లి, "మేస్త్రిగారండీ, పైపులో బుడగుందండి. తూర్పు మూల తప్పిందేమోనండి," అంది.

తాతయ్య పైపు ఎత్తి ఎండకు పెట్టి చూశారు. కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నారు, దూరంగా పెట్టారు. "ఏదే?" అని నన్నడిగారు. నేను వెతక్కుండానే దాని మీద వేలు పెట్టాను. ఆయన నా వంక ఒకసారి చూశారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

పక్కనే కడుతున్న ఇంకో మేస్త్రి నవ్వేసి, "పరీక్షకెళ్లే మనిషి కదా, కనిపెడుతుందో లేదోనని మీరే వదిలుంటారు లెండి," అన్నాడు. అందరూ తేలికపడ్డారు. తాతయ్య తలూపితే చాలు, ఆయన పరువూ నిలిచేది, అక్కకు మెచ్చుకోలూ దక్కేది.

"కాదు. నాకు కనపళ్లేదు," అన్నారు తాతయ్య.

ఆ రెండు వరసలూ తన చేత్తోనే ఊడదీశారు. మాలు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఇటుకలు దక్కాయి. బుడగ వదిలించి, ఈసారి గీత అక్క చేత పెట్టించారు. పొద్దు వాలాక కాగితం తీసి, సంతకం ఎక్కడ చేయాలో ఆమెనే వేలు పెట్టి చూపించమన్నారు.

కనపడలేదన్న మాట ఊళ్లోకి పాకింది. పని ఇస్తానన్న రైతు ఒకాయన వేరే మేస్త్రిని పెట్టుకున్నాడు. తాతయ్య మాత్రం ఆ తర్వాత ఎవరు పిలిచినా, మట్టం మా అమ్మాయి చూస్తుందండి అని అక్కను చూపించి ముందే చెప్పేవారు. అక్క పరీక్ష నెగ్గింది. పెద్దయ్యాక నేను తాపీ పట్టింది ఆమె దగ్గరే.

ఇప్పుడు నేనూ పని నేర్పుతున్నాను. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు భయపడుతూనే వచ్చి, మేడమ్, ఇక్కడ తప్పిందండి అంటారు. చూస్తే నిజంగానే తప్పు నాది. నువ్వు కనిపెడతావో లేదో చూశానులే అన్న మాట నోటిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, తప్పు నాదేనని చెప్పి, కట్టినదంతా విప్పిస్తాను. ఇన్నేళ్లయినా తప్పు నాదని చెప్పడం నాకు సులువు కాలేదు.