చల్లారకముందే తీసిన గాజులు

కరీంనగర్‌లో మా మేడ మీది రేకుల షెడ్డులో కరెంటు బట్టీ వేడెక్కినప్పుడల్లా కాలిన ఇటుక వాసన వస్తుంది, దాని వెనకే మా ఖానాపూర్ గుర్తొస్తుంది. చేత్తో చేసిన గాజుపూసలు లోపల పెట్టి, ఐదువందల పది డిగ్రీల దగ్గర గంటసేపు నిలిపి, అక్కడి నుంచి గంటకు యాభై చొప్పున మెల్లగా దిగేలా మీటలు నొక్కుతాను. లోపలి వేడీ పైవేడీ ఒక్కతీరుగా తగ్గకపోతే గాజు లోలోపల గుంజుకుపోయి ఉంటుంది. చూపులకు నిండుగానే కనిపించి, ఎవరూ తాకకుండానే ఎప్పుడో చిట్లుతుంది. ఈ సంగతి పుస్తకాల్లో చదివి నేర్చుకున్నానని అందరికీ చెబుతాను. అది అబద్ధం.

మా బాపుకు ఇంటి వెనక మట్టిబట్టీ ఉండేది. పగిలిన గాజుముక్కలు ఏరుకొచ్చి కరిగించి, జాతరలకు పూసలు, దసరాకు మందపాటి గాజులు చేసేవాడు. బతుకమ్మ రోజుల్లో ఇంటి ముందు తంగేడు, గునుగు పూల తడివాసన, లోపల మేము అవ్వ అని పిలిచే అమ్మ రొట్టెలు తుంచి పిసికే మలీదలో బెల్లమూ నెయ్యీ, వెనక నుంచి కట్టెల పొగ, అన్నీ కలిసి అరుగు మీద అచ్చంగాయలాడే మా ముక్కులకు చేరేవి. చేసిన గాజులను బాపు వేడి బూడిద నింపిన కుండలో పాతి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, మూత మీద పచ్చి ఆముదపాకు పెట్టేవాడు. ఆకు వాడితే లోపల వేడి ఉన్నట్టు. వాడిన ఆకు తీసి కొత్తది పెట్టడం నా పని. రెండు రోజులు పట్టినా ఆగాల్సిందే. బళ్లో మా సారు ‘ఆలస్యం అమృతం విషం’ అని వల్లె వేయించేవారు గానీ, మా ఇంట్లో తొందరే విషం.

“గాజు పసిపిల్ల లెక్క బిడ్డా, జర నిమ్మలంగ పండుకోనియ్యాలె,” అనేవాడు బాపు.

నా తొమ్మిదో ఏట, ఊరందరికీ గాజులు చేసే మనిషి పెండ్లానికి అంగడి గాజులేనా అని చుట్టాలు ఎకసెక్కాలాడితే, అప్పటికే జ్వరంతో ఉన్న బాపు పంతంకొద్దీ లేచి అవ్వకు రెండు పచ్చగాజులు చేసి కుండలో పాతాడు. మర్నాటికి జ్వరం ముదిరింది. మధ్యాహ్నం బస్సుకు మెట్‌పల్లి దవాఖానకు పోవాలన్నారు. ఆ గాజులు అవ్వ చేతికి చూస్తే బాపుకు సగం జ్వరం తగ్గుతుందని నాకు తోచింది. మూత మీద ఆకు వాడిపోయి ఉంది. అయినా మట్టి పెళ్లగించి, కట్టెతో గాజులు పైకి లాగి, చేటతో విసిరి చల్లార్చి అవ్వకు తొడిగాను.

బాపు కళ్లు తెరిచి చూశాడు. “ఆకు జూసినవా బిడ్డా?”

“జూసిన బాపు. వాడలే.”

బస్సు సగం దారి కూడా పోలేదు. అవ్వ ఆయన నుదురు నిమురుతుంటే ‘టిక్’మని ఒక గాజు రెండు ముక్కలై ఒళ్లో పడింది. కాసేపటికి రెండోదీ పడింది. ఆడవాళ్లంతా తిరిగి చూశారు. మాలో గాజులు పగిలాయనరు, పెరిగాయంటారు. “పెరిగినయ్,” అని ఎవరో గొణిగారు. అంతకుముందు ఆ మాట విన్నప్పుడల్లా గాజు నిజంగానే ఎదుగుతుందని నవ్వుకునేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. బాపు అవ్వ చెవిలో ఏదో అన్నాడు, బస్సు చప్పుడులో నాకు వినపడలేదు. మూడోనాడు పోయాడు.

గాజులు ముందే చెప్పాయని అందరూ అన్నారు. చెప్పించింది నేనేనని నలభై ఏళ్లు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఖానాపూర్‌లో ఆ బట్టీ ఉన్నచోట సిమెంటు గోదాము ఉంది. బూడిదలో గాజులు చల్లార్చే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

మొన్న అవ్వ మెల్లగా మెట్లెక్కి వచ్చి బట్టీ ముందు కూర్చుంది. “పొద్దటిసంది గిదే పనా? ఇంక తియ్యవా?” అంది. అప్పుడు చెప్పేశాను, వాడిన ఆకు సంగతీ, ఆడిన అబద్ధమూ.

“గది నాకెర్కే బిడ్డా. బస్సులనే జెప్పిండు మీ బాపు. పోరి తొందరవడ్డది, దాన్నేమనకు అన్నడు.”

“మరి నాకెందుకు చెప్పలే అవ్వా?”

“నువ్వు మర్సిపోయినవనుకున్న. యాది జేసుడెందుకని.”

నేను చిన్నపిల్లలా ఏడ్చాను. అవ్వ బోసి చేత్తో నా వీపు నిమురుతూ కూర్చుంది.