కుంపిణీ అల్లుడు

మా ఆయన పేరు నేనెన్నడూ నోటితో పలికినదాన్ని కాదు. ఇంత వయసొచ్చాక ఇప్పుడు కాగితం మీద రాసి కొత్తగా పాపం మూటగట్టుకోను. ఆ పేరుతో అవసరం కూడా పెద్దగా లేదు. మా ఊళ్ళో ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పిల్లాజెల్లా అందరికీ ఆయన కుంపిణీయే. తనను అలా పిలవకూడదని ఆయన పడ్డ పాట్లు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఒక్కోసారి నవ్వు సగంలోనే ఆగిపోతుంది కూడా.

ఈ కాలంవాళ్ళకు కాస్త విప్పి చెప్పాలి. మాది బనగానపల్లె, నవాబుగారి సంస్థానం. చుట్టూ ఉన్నవి తెల్లదొరల జిల్లాలు. పొలిమేర రాయి దాటినా అదే నేల, అదే జొన్నచేను, అదే తెలుగు. అయినా రాయికి అవతల ఉండేవాళ్ళు వేరే జాతి మనుషులని మా ఊరి గట్టి నమ్మకం. దొరల కంపెనీనే మావాళ్ళు కుంపిణీ అనేవాళ్ళు. ఆ కుంపిణీ పాలన పోయి రాణి వచ్చింది, రాణి పోయి రాజులొచ్చారు, మా అవ్వ నోట్లో మాత్రం కుంపిణీ అలాగే ఉండిపోయింది. అవ్వంటే మా నాయనను కన్నతల్లి. మా ఇంట్లో ఆమె మాటే మాట.

కుంపిణీవాడంటే ఎవడయ్యా అంటే, ప్రతిదానికీ వాదనకు దిగేవాడు, చిటికెడు ఉప్పు ఇచ్చినా రసీదు అడిగేవాడు, అన్నం ఉడికేలోగా వకీలు దగ్గరికి పోయి వచ్చేవాడు. అవ్వ అలాగే చెప్పేది. అవతలివాళ్ళ లెక్కలో మేమేమో పొద్దెక్కేదాకా పడుకుంటాం, తమలపాకులు నములుతూ తియ్యగా మాట్లాడతాం, పని రేపటికి వాయిదా వేస్తాం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని తెల్లవారుజాము నుంచి పొద్దుపోయేదాకా నేసే మా నాయనను చూసి ఎవరైనా ఈ మాటంటే నాకు ఒళ్ళు మండేది. అవ్వ కుంపిణీవాళ్ళను అంటే మాత్రం నాకేమీ అనిపించేది కాదు, నేనూ వంత పాడేదాన్ని. ఆయన రాకముందు సంగతి ఇది.

ఆయనది బేతంచెర్ల. అక్కడ రైలు ఆగుతుంది కాబట్టి నూలు బేళ్ళు అక్కడే దిగేవి. ఆయన వాటిని బండి మీద మా నేతవీధికి తెచ్చేవాడు. తనూ నేసేవాడే. మా అమ్మకు దూరపు వరసలో అన్న కొడుకు, అంటే నాకు బావ. ఒకసారి ఆయన తెచ్చిన నీలం నూలు రంగు దిగుతోందని నేనన్నాను. దిగదని ఆయనన్నాడు. బండి వీధిలోనే నిలబెట్టుకుని పొద్దున్నంతా నాతో వాదించాడు. నేను ఒక నూలు చిలప తెచ్చి ఆయన కళ్ళముందే నీళ్ళలో ముంచాను. నీళ్ళు నీలమయ్యాయి. ఆయన కాసేపు చూసి, "నీదే నిజం" అని, మరుసటి వారం వేరే నూలు తెచ్చి వేశాడు. వాదించి, ఓడి, ఓడినట్టు ఒప్పుకున్న మగవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. చేసుకుంటే ఈయన్నే చేసుకోవాలని ఆ పూటే అనుకున్నాను.

అమ్మ మెల్లగా అవ్వ దగ్గర మాట కదిపింది. అవ్వ ఒంటికాలి మీద లేచింది.

"కుంపిణీవాళ్ళకా? నా మనవరాలినా? నా కండ్లు మూతపడినాక ఇచ్చుకో పోవే!"

ఆమె కోపానికి ఒక బావి కారణం. మా తాతకూ అవతలి సీమలో ఉన్న దాయాదికీ ఉమ్మడి బావి ఒకటి ఉండేది. నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా వచ్చి ఆ దాయాది కర్నూలు కోర్టుకెక్కాడు. తీర్పు వచ్చేలోగా బావి ఎండిపోయింది. తాత కూడా పోయాడు. అందుకే, అవ్వ మాటలు నవ్వు పుట్టించినా ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఈ కబురు ఆయన చెవిన పడింది. ఇంకొకడైతే మానుకునేవాడు, లేదా కాళ్ళావేళ్ళా పడేవాడు. ఈయన మాత్రం కుంపిణీ అనేదే కదా అడ్డం, దాన్నే వదిలేస్తే పోలేదా అనుకున్నాడు. దొరల ప్రజగా ఉండటం మానుకుని నవాబుగారి రయ్యతు అయిపోతే ఇంక తనను ఆ మాట అనేదానికి ఎవరికీ హక్కుండదని ఆయన వాదం. అనుకున్నదే తడవు, కర్నూలు పోయాడు. వకీలు గుమాస్తాతో స్టాంపు కాగితం మీద రాయించాడు. తాను ఇదివరకు ఉన్న సర్కారువారి రయ్యతు హోదాను ఎవరి బలవంతమూ లేక, మనస్ఫూర్తిగా వదులుకుంటున్నట్టూ, నేటి నుంచి బనగానపల్లె వాసియైనట్టూ, ఇందుకు తన వారసులెవ్వరూ అడ్డు చెప్పకూడదన్నట్టూ. పెళ్ళే కాలేదు, అప్పుడే వారసులు!

ఆ కాగితం పట్టుకుని మా ఊళ్ళో నవాబుగారి కచేరీకి వచ్చాడు. అక్కడున్న ముసలి ఉద్యోగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి కాగితమెందుకప్పా? ఈడ ఒక ఇల్లు చూసుకో, మగ్గం నాటుకో. మా ఊరోడివే అయిపోతావు" అని చేతిలో తమలపాకు పెట్టాడట. ఆయన ఆకు తీసుకుని, కాగితం ముట్టినట్టు రసీదు ఇప్పించమన్నాడట.

అక్కడి నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చున్న అవ్వకు ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. నేను లోపల రాట్నం ఆపేసి విన్నాను.

"సాక్షులు గూడ ఉండారా నాయనా?" అంది అవ్వ.

"ఉండారవ్వా. ఇద్దరు సంతకాలు చేసినారు."

"కచేరీలో ఇచ్చినందుకు రసీదు?"

"అడిగినానవ్వా. ఇయ్యలేదు."

అవ్వ నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కండ్లు తుడుచుకుంది. "ఓరి నాయనా! కుంపిణీని వదులుకునేదానికి గూడ కుంపిణీ కాగితమే దొరికిందా నీకు? పో నాయనా, పో. ఇంతకన్నా కుంపిణీవాడు ఈ భూమ్మీద యాడా దొరకడు."

ఆయన చిన్నబోయి వెళ్ళిపోయాడు గాని పట్టు వదల్లేదు. మా వెనకవీధిలో ఇల్లు తీసుకుని మగ్గం వేశాడు. కాగితంతో కానిది నడతతో సాధిస్తానని మొదలుపెట్టాడు. జేబు గడియారం పెట్టెలో దాచేశాడు. తలకు పెద్ద పాగా చుట్టాడు. చెవిలో అత్తరు దూది పెట్టుకున్నాడు. మూడు అంగల్లో దాటే వీధిలో ఊరేగింపులా నడిచేవాడు. ఎదురైన ప్రతివాడికీ తమ దయ అన్నట్టు మెహర్బానీ అనేవాడు, చివరికి దారిలో అడ్డంగా పడుకున్న ఎద్దుకు కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా వాదించడం మానేశాడు. నూలు మెత్తగా ఉందంటే చిత్తం, గట్టిగా ఉందంటే చిత్తం. నేను కావాలనే నీలం రంగు దిగుతోందని గిల్లి చూశాను. "తమరు సెలవిచ్చినట్టే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నేను కోరుకున్న మనిషి ఆ పాగా కింద ఎక్కడో తప్పిపోయాడు.

అమ్మ పోరు పడలేక అవ్వ ఒక మెట్టు దిగింది. "సరే. మన పడుగుకు గంజి పెట్టే నాడు వాణ్ణి రమ్మను. చేతి పనితనం చూసి నా మాట చెప్తా."

గంజి పెట్టడమంటే మా వాళ్ళకు చిన్న పని కాదు. పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులను, వీధి పొడవునా చాపి, కొయ్యల మీద ఎత్తి నిలబెట్టి, గంజి పట్టించి, ఇద్దరు ఎదురెదురుగా పెద్ద కుంచె పట్టుకుని దువ్వుకుంటూ పోవాలి. ఎండ ముదిరేలోగా పోగుకు పోగు విడిపోవాలి. లేకపోతే అతుక్కుపోయి కట్టెలా బిగుసుకుంటుంది, నెలంతా పడ్డ కష్టం వీధి పాలవుతుంది. మా ఊళ్ళో పెళ్ళికి భోజనాల వేళకు పోయినా ఎవరూ ఏమీ అనుకోరు. గంజికి మాత్రం కోడి కూయకముందే పోవాలి. ఇది ఆయనకు తెలియదా అంటే తెలుసు. వాళ్ళ ఊళ్ళోనూ అంతే. కానీ నవాబు సీమలో అన్నీ నిదానమేనని చిన్నప్పటి నుంచి విని ఉన్నాడు కదా, ఇక్కడ గంజి కూడా నిదానంగానే పెడతారు కాబోలు అనుకున్నాడు.

ఆ రోజు గంజి కాచింది నేనే. పడుగు చాపారు. కుంచె రెండో కొస ఆయన కోసం వదిలిపెట్టారు. ఇంకా రాలేదేమని నాయన వెనకాముందాడుతుంటే అవ్వ కసిరింది. "కుంపిణీవాళ్ళు గడియారం మింగి పుట్టినోళ్ళు. ఈ గడియలో వస్తాడు. నువ్వు గంజి పట్టీ." నాయన పట్టించాడు. ఆయన రాలేదు. వేరేవాళ్ళు కుంచె పట్టుకోబోతే అవ్వ పట్టుకోనివ్వలేదు. తూర్పు ఎర్రబడింది. ఎండ గోడల మీద నుంచి వీధిలోకి దిగింది.

అప్పుడొచ్చాడు. పాగా, అత్తరు, నోట్లో ఆకు, ముఖం నిండా చిరునవ్వు. అవ్వకు వంగి సలాము చేశాడు. పడుగు అప్పటికే బిర్రబిగుసుకుపోయింది.

"చూసినావా నాయనా?" అంది అవ్వ. గట్టిగా కూడా అనలేదు. "నా కొడుకు నెల కష్టం. ఇంగ ఈ ఇంటి ముందు కనబడొద్దు. ఈ మాట ఇంతటితో సరి."

ఆయన ముఖం పాలిపోయింది. ఏదన్నా చెప్తాడని చూశాను. మీరెందుకు ఆగారని అడగొచ్చు కదా, ఇంకా తడిపితే బాగవుతుందని అనొచ్చు కదా! పాత మనిషైతే ఈ పాటికి వీధినంతా కూర్చోబెట్టి వాదించేవాడు. ఈయన తల వంచి, "తమ మెహర్బానీ" అని వెనక్కి తిరిగాడు. నన్ను అంత మర్యాదగా వదులుకుని పోతున్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. గంజి గరిటె చేతిలో ఉండగానే వీధిలోకొచ్చాను.

"బావా, ఆగు. అవ్వా, నువ్వూ విను. ఈయన నోరు తెరవడు గాబట్టి నేను తెరుస్తాండా. మనిషి రాకముందే గంజి పట్టీమన్నదెవరు? నువ్వు. ఎందుకన్నావు? కుంపిణీవాడు టైముకొస్తాడని. వచ్చినాడా? రాలేదు. అంటే కుంపిణీవాడు కాదు. కుంపిణీవాడు కాకపోతే నన్నిచ్చేదానికి నీకు అడ్డమేముండాది? ఒకవేళ కుంపిణీవాడే అంటావా, ఆలస్యంగా వచ్చే బుద్ధి యాడ నుంచి వచ్చింది? మనం నేర్పిందే గదా? అయితే మన పిల్లోడే గదా!"

వీధిలో కుంచెలన్నీ ఆగిపోయాయి. నాయన కండ్లు నేలకు దించుకున్నాడు. అమ్మ వాకిట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెళ్ళికాని పిల్ల నడివీధిలో అలా మాట్లాడటం మా ఇంటా వంటా లేదు.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. తరువాత నాయన వైపు తిరిగింది.

"దీన్ని ఇంట్లో పెట్టుకుంటే నాకు రోజూ కోర్టేరా. వేరే ఇంటికిస్తే వారం తిరక్కుండా తెచ్చి దింపిపోతారు. ఆ కుంపిణీవాడికే ఇచ్చెయ్. వాడైతే దీనికి జవాబు చెప్పుకుంటాడు."

అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఆయనకు నోరు వచ్చింది. "అవ్వా, ఒక చిన్న సవరణ. నేను ఇప్పుడు కుంపిణీ..."

"బావా, నువ్వూరుకో" అన్నాను.

ఆ పూటంతా పడుగు మీద నీళ్ళు చల్లి, ఆయన ఒక పక్క, నేనొక పక్క కూర్చుని పోగులు విడదీశాం. ఆ పాగా తీసి పక్కన పెట్టాడు. నేను విడదీసే పద్ధతి తప్పని మధ్యాహ్నందాకా నాతో వాదించాడు. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

పెళ్ళయి బేతంచెర్ల పోతే అక్కడ ఇంకో తమాషా. ఊరు ఊరంతా ఆయన్ని నవాబుగారూ అనేది. రైలు దగ్గర కూలీలు సైతం సలాములు కొట్టి నవ్వేవాళ్ళు. మా అత్త నన్ను చూపించి ఇరుగుపొరుగుతో, "నవాబు సీమ పిల్ల అయినా తెల్లారకముందే లేస్తాదమ్మా" అని వింతగా చెప్పుకునేది. నేను ఎన్నాళ్ళు తెల్లవారుజామున లేచినా మా సీమవాళ్ళ బద్ధకం మీద ఆమెకున్న నమ్మకం వీసమెత్తు తగ్గలేదు. నా ఒక్కదాని మీద జాలి మాత్రం పెరిగింది. తిరిగి మా ఊరొచ్చి అవ్వ ఇంట్లోనే మగ్గం వేసుకుంటే మళ్ళీ కుంపిణీ. బండి చక్రం గట్టిగా తిరిగినా కుంపిణీ తొందర అనేవాళ్ళు.

ఆయన పైకి నవ్వేవాడు. లోపల నొచ్చుకునేవాడని నాకు తెలుసు. ఒకసారి మగ్గం మీదనే, తలెత్తకుండా అడిగాడు, "ఎన్నేండ్లుంటే ఒక ఊరు మనదవుతాదే?" అని. నేను ఆయన పక్కన కూర్చుని తెగిన పోగు ముడి వేశాను.

స్వతంత్రం వచ్చిన రోజులు. బేతంచెర్లలో జెండా ఎత్తారనీ మిఠాయిలు పంచారనీ కబురొచ్చింది. మా సంస్థానం సంగతి ఇంకా తేలలేదు. దొరలను వదులుకుని వచ్చిన మనిషికి ఆ దొరలు పోయిన సంబరంలో వాటా లేకపోయింది. మొత్తానికి మిఠాయి పోయింది గదా అని నేను ఏడిపించాను. అవ్వకప్పటికి చూపు ఆనడం లేదు. రోజంతా అరుగు మీద గోడకానుకుని కూర్చునేది.

ఆ పూట ఒక బట్టల వ్యాపారి చీరలు చూడ్డానికొచ్చాడు. వీధిలో నలుగురు చేరారు. వాళ్ళను నవ్విద్దామని ఆ వ్యాపారి మా ఆయన మగ్గం వైపు తిరిగి గట్టిగా, "ఏం కుంపిణీ! మీవాళ్ళు మూటాముల్లె సర్దుకోని పడవెక్కినారంట. నువ్వెప్పుడు పోతాండావు?" అన్నాడు.

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. మగ్గం చప్పుడు మాత్రం ఆగింది.

"ఎవడ్రా అది?" అరుగు మీద నుంచి అవ్వ గొంతు. "వాణ్ణి కుంపిణీ అనేదానికి నువ్వెవడివి?"

"అందరూ అనేదే గదవ్వా" అన్నాడు వ్యాపారి.

"నేనంటా. నా మనవరాలంటాది. నువ్వంటే నాలుక కోస్తా. వాడు మా ఇంటోడు. మళ్ళీ యాడికి పోతావని అడిగినావంటే చూడు!"

వ్యాపారి ముఖం మాడ్చుకుని లేచాడు. అవ్వ చూపులేని కండ్లతో మగ్గం వైపు తిరిగి, "ఏం కుంపిణీ, పొద్దెంతయిందో చూసినావా? లేచి సంగటి తిను" అంది.

ఆయన లోపలికొచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాడు. ముద్ద చేతిలో పెట్టుకుని, గోడవైపు తిరిగి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. సంగటి చల్లారిపోతాందని అవ్వ బయట నుంచి మా ఇద్దరినీ తిడుతూనే ఉంది.