జక్రయ్య చూసిన లైను

మా గుంటూరులో పాత ఇల్లు కొనేవాళ్ళు ముందు దస్తావేజులు చూసుకుని, తరవాత జక్రయ్యను పిలుచుకునేవాళ్ళు. గోడలూ దూలాలూ ఎవరైనా చూస్తారు. మరుగుదొడ్డి దగ్గర బయలుదేరి నేల కింద పోయే గొట్టం ఎలా ఉందో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. మునిసిపాలిటీ కాలవల్లోకి ముప్పై ఏళ్ళు దిగి, రిటైరైన మనిషి. పొట్టిగా ఉండేవాడు. ఎప్పుడు చూసినా ఉతికిన తెల్లచొక్కా. మా చర్చిలో చివరి బెంచీ ఆయనది. అక్కడే కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ముందుకు వచ్చి కూర్చోమనీ ఎవరూ అనలేదు.

నేను ఒక మనిషిని మెచ్చుకుంటున్నానంటే మా ఆయన కూడా నమ్మడు. రెబ్కా నోట మంచిమాట వచ్చిందంటే వాన పడుతుందని ఎగతాళి చేస్తాడు. కానీ జక్రయ్య సంగతి చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలి. అది మెచ్చుకునే సంగతి కాదు.

వెంకటరావమ్మగారి ఇంట్లో వెనకవైపు రెండు గదుల్లో మేం పన్నెండేళ్ళు అద్దెకున్నాం. మా ఆయన సంజీవరావు హైస్కూలు టీచరు. ముందువైపు పెద్ద ఇల్లంతా ఆవిడది. నల్లరాయి పరిచిన వరండా, గచ్చు చేసిన వంటిల్లు, గొలుసు లాగితే నీళ్ళు పడే మరుగుదొడ్డి. ఆ గొలుసు చప్పుడు పొద్దున్నే మా గదిలోకి వినపడేది. మేం మాత్రం పెరట్లో రేకుల కింద ఉన్న పాతదానికి చెంబు పట్టుకుని పోవాలి. ఇద్దరికీ కలిపి ఒకే బావి. పన్నెండేళ్ళు ఆ గట్టు మీద బట్టలు ఉతుకుతూ, ఆ వరండాలో ఎక్కడ ఏ కుర్చీ వేసుకోవాలో మనసులో సర్దుకుంటూ ఉండేదాన్ని. ఎప్పటికైనా అది మాదేనని ఎవరో రాసిచ్చినట్టు.

ఎనభై నాలుగు మే నెలలో వెంకటరావమ్మగారు ఇల్లు అమ్మేసి సింగరాయకొండలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానన్నారు. మా ఆయన విని, మనవల్ల కాదులే అని పేపరు తిరగేశాడు. వారం తిరగకముందే ఎవరు కొంటున్నారో తెలిసింది. మా మరిది జయరావు, వాడి పెళ్ళాం జయకుమారి.

జయకుమారి ఆస్పత్రిలో నర్సు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. పెళ్ళయి వచ్చినప్పుడు కవ్వం ఏ చేత్తో పట్టుకోవాలో కూడా నేనే చూపించాను. దానికి ఉద్యోగం ఉంది, పొడుగు జడ ఉంది, అత్తగారు నన్ను ఎన్నడూ అనని "మా బంగారం" అనే మాట ఉంది. ఇప్పుడు ఇల్లు కూడా. నెల మొదట్లో నేను వెళ్ళి నా తోడికోడలి చేతిలో అద్దె పెట్టాలన్నమాట. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా కడుపులో ఎవరో పచ్చిమిరపకాయలు నూరుతున్నట్టుండేది. పైకి మాత్రం "మనవాళ్ళు కొంటే మంచిదేగా" అని నవ్వుతూ తిరిగాను. ఆ నవ్వుకి నా దవడలు నొప్పులు పుట్టాయి.

లైను చూపించకుండా కొననని జయకుమారే పట్టుబట్టింది. గొట్టం బావికి మూడు గజాల దూరంలో పోతోంది. ఎక్కడైనా పగిలి ఉంటే ఆ నీళ్ళు బావిలోకి దిగుతాయి. కామెర్లతో, విరేచనాలతో వచ్చేవాళ్ళని రోజూ ఆస్పత్రిలో చూసేది కదా. బావి చెడిందని తేలితే కొనేది లేదని నా ముందే మొగుడికి ఖచ్చితంగా చెప్పింది. ఆ మాట నేను చెవిలో దాచుకున్నాను.

శనివారం సాయంత్రం జక్రయ్య వచ్చాడు. చేతిలో పొడుగాటి వెదురుబద్ద, భుజానికి గుడ్డసంచి. గేటు పక్కన గొట్టం వచ్చి కలిసే చాంబరు గుంట మూత తీయించి దాని ముందు గొంతుకూర్చున్నాడు. లోపల జయరావుని బకెట్టు నీళ్ళు కుమ్మరించమని కేకేసి, కళ్ళు మూసుకుని పరలోక ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన గడియారం అదే. రాజ్యం రావాలని అడిగే చోటే నీళ్ళు వచ్చేస్తే గొట్టం వాటం, అంటే వాలు, మరీ ఎక్కువైందని లెక్క. నీళ్ళు పరుగెత్తిపోయి మడ్డి లోపలే మిగులుతుంది. తప్పులు మన్నించమని అడిగే చోట వస్తే అది భేషైన లైను. ఆమేన్ అన్నాక కూడా రాకపోతే లోపల ఏ వేపవేళ్ళో దూరాయని అర్థం. మేమందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. నేను మాత్రం ఆమేన్ దాకా రాకూడదని కోరుకుంటూ నిలబడ్డాను.

మన్నించమనే చోట నీళ్ళు గలగలా వచ్చాయి.

"వాటం బాగుంది," అన్నాడు జక్రయ్య, ప్రార్థన మాత్రం మధ్యలో ఆపకుండా చివరిదాకా చదివి. ఇక గొట్టం పగిలిందో లేదో తేలాలి. సంచిలోంచి గుడ్డ చుట్టిన సీసా ఒకటి తీసి, లోపలికి వెళ్ళి తలుపేసుకుని పోసి వచ్చాడు. ఆ మరుగుదొడ్డికి తాళం వేయించాడు. రేపు ఆరాధన అయ్యేదాకా బావిలో చేద వెయ్యొద్దని చెప్పాడు. సీసాలో ఏముందో నేను అడగలేదు. అడగాల్సిన పని ఏముంది? జక్రయ్య గొట్టంలో నీలిమందు కలిపి పోస్తాడని, బావినీళ్ళు నీలంగా తేలితే ఆ ఇల్లు వదులుకోవాల్సిందేనని మా పేటలో పిల్లలకు కూడా తెలుసు.

మర్నాడు చర్చిలో రొట్టే ద్రాక్షరసం పంచే సంస్కారం ఆదివారం. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క సంస్కారం మానలేదు నేను. ఆ రోజు తలనొప్పని పడుకున్నాను. మా ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసి, కాఫీ కలిపిచ్చి మరీ వెళ్ళాడు. చర్చిలో మొదటి గంట వినపడగానే లేచాను. బట్టలకి తెచ్చుకున్న నీలిమందు పొట్లాలు నాలుగున్నాయి. నాలుగూ చెంబులో పిసికి కలిపాను. ఎండాకాలం కదా, బావిలో మోకాలి లోతు నీళ్ళే. చుట్టూ తిరుగుతూ సమంగా పోశాను, దోసెలపిండి పోసినట్టు. ఎవరికోసం చేస్తున్నానో, ఎందుకు చేస్తున్నానో అంతా తెలిసే చేశాను. ఇక్కడ అబద్ధమాడి లాభం లేదు.

పదకొండు గంటలకి అందరూ వచ్చారు. జయకుమారి తెల్లచీర కట్టుకుంది, ఆ చీరలో ఎంత బాగుందో అని దానికి కూడా ఒళ్ళు మండింది నాకు. జక్రయ్య చేద వేసి తోడాడు. నీళ్ళు లేత నీలంగా వచ్చాయి.

జయకుమారి మొహం వాడిపోయింది. జయరావు గట్టు మీద కూలబడ్డాడు. అయ్యో పాపం అని నేను అన్నాను. అన్నాక నా గొంతు నాకే బాగా వినపడింది. జక్రయ్య నీళ్ళు వాసన చూశాడు. దోసిట్లో పట్టుకుని నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించి ఊశాడు. మళ్ళీ వాసన చూశాడు. చేద కింద పెట్టి నన్నే చూస్తూ అడిగాడు.

"అమ్మా, పొద్దున ఈ గట్టు మీద బట్టలేమైనా ఉతికారా?"

ఆదివారం పూట, అదీ సంస్కారం రోజున, మా పేటలో ఎవరూ బట్టలుతకరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి నాకూ తెలుసు. ఎక్కడ దొరికిపోయానో అర్థం కాలేదు కానీ దొరికిపోయానని మాత్రం తెలిసింది. లేదంటే ఇల్లు ఆగిపోతుందో, నా బతుకు బజారున పడుతుందో తెలియదు. అవునంటే ఇల్లు దానిది.

"నిన్న తోడి పెట్టుకున్న నీళ్ళతో ఉతికాను," అన్నాను. "కాలు తగిలి బకెట్లో నీలినీళ్ళు బావిలో ఒలికిపోయాయి."

"అదీ సంగతి," అన్నాడు జక్రయ్య జయరావు వైపు తిరిగి. "నేను పోసింది కిరసనాయిలు. గొట్టం ఎక్కడ చిట్లినా ఈపాటికి నీళ్ళు కంపు కొట్టాలి. వాసన చుక్క కూడా లేదు. లైను భేషుగ్గా ఉంది, కొనుక్కోండి."

వాళ్ళు వెంకటరావమ్మగారికి చెప్పడానికి ముందువైపుకి వెళ్ళారు, మా ఆయన కూడా సంబరంగా వెంట పోయాడు. జక్రయ్య వెదురుబద్దకి గుడ్డ చుట్టుకుంటూ ఆగాడు. ఇప్పుడు తిడతాడని నేను తల దించుకున్నాను. తిట్టలేదు.

"నీలి మానేసి పదహారేళ్ళయిందమ్మా," అన్నాడు. "మానేసిన సంగతే ఎవరికీ తెలీదు, ఎందుకని అడిగినోళ్ళూ లేరు."

నేనూ అడగలేదు. ఆయనే చెప్పాడు. ఆయన తమ్ముడు ఇమ్మానియేలు ప్రత్తిపాడులో కూలిపని చేసుకుంటూ, రూపాయి రూపాయి కూడబెట్టి పెంకుటిల్లు ఒకటి చూసుకున్నాడట. లైను చూడమని అన్ననే పిలిచాడు. అప్పటికి జక్రయ్య, పెళ్ళాం, ముగ్గురు పిల్లలు మునిసిపాలిటీ క్వార్టర్లో ఒక్క గదిలో ఉంటున్నారు.

"వాడు నా చేతుల మీద నడక నేర్చినోడు. నాకన్నా ముందు వాడికి ఇల్లా అనిపించింది. నీలి పోశానమ్మా, గొట్టంలో కాదు, బావిలోనే పోశా. నామాట మీద నమ్మకంతో వాడు వదులుకున్నాడు. మళ్ళీ ఇల్లు కొనలా, ఇప్పటికీ పాకలోనే ఉన్నాడు. మిరప కోతలకి పోతే కూలికింద కాయలిస్తారు గదా, అందులోంచి ఏటా నాకో గోతాము పంపిస్తాడు. అన్న నన్ను కాపాడాడని." గుడ్డకి ముడి బిగించాడు. "తింటున్నా."

చెప్పెయ్యకపోయారా జక్రయ్యన్నా అన్నాను. మొదటి ఏడు చెప్పుంటే కోపపడి ఊరుకునేవాడని, ఇప్పుడు చెబితే వాడికి ఇల్లూ పోయి అన్న కూడా పోతాడని అన్నాడు. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నా సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. ఆ తరవాత కూడా ఎక్కడా ఎత్తలేదు.

జూన్‌లో జయకుమారి పాలు పొంగించింది. పొంగిన పాలు ముందు నాకే తెచ్చి ఇచ్చి, "నీవల్లే అక్కా ఈ ఇల్లు. ఆ రోజు బట్టలుతికానని నువ్వు చెప్పకపోతే వెనక్కి పోయేవాళ్ళం," అంది. అప్పటినుంచి మూడేళ్ళు అదే మాట. ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ నా ముందే చెప్పేది. దానికి నేనంటే ఎంత అభిమానమో అని అత్తగారు మురిసిపోయేది. నేను మాత్రం పొద్దున్నే ఆ గొలుసు చప్పుడు వింటూ, జక్రయ్య ఇంట్లో మిరపకాయల గోతాము తలుచుకునేదాన్ని. అయినా అసూయ తగ్గిందా అంటే, లేదు. వరండాలో అది కుర్చీ నేననుకున్న చోటే వేసుకుంది.

ఎనభై ఏడులో జక్రయ్య పోయాడు. సమాధుల తోటకి నేనూ జయకుమారీ కలిసే వెళ్ళాం. అక్కడ చూశాను ఇమ్మానియేలుని. అన్నలాగే పొట్టి, మోకాళ్ళ పైకి పంచె. కాయలు కోసి కోసి వేళ్ళు ఎర్రగా పగిలిపోయి ఉన్నాయి. పెట్టె దించుతుంటే ఏడుస్తూ అందరికీ చెబుతున్నాడు, మా అన్న ఆ రోజు లేకపోతే చెడ్డ ఇల్లు కొనుక్కుని బిడ్డల్ని చంపుకునేవాణ్ణి అని. అక్కడ నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెప్పాల్సింది నేను కాదు, చెప్పాల్సినవాడి మీద అప్పటికే మట్టి పడుతోంది. అందరం కలిసి పరలోక ప్రార్థన చెప్పాం. మన్నించమనే మాట ఒక్కటి నేను వదిలేసి చెప్పాను.

ఇంటికి రాగానే బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాం. ఇక ఆగలేకపోయాను. పాక, గోతాము, ఆ ఎర్రటి వేళ్ళు కళ్ళ ముందే ఉన్నాయి.

"జయా, ఆ రోజు నేను బట్టలుతకలేదు. నీలి నేనే కావాలని పోశాను, మీరు కొనకూడదని."

తిడుతుందనుకున్నాను. చెంబు విసిరికొడుతుందనుకున్నాను, గదులు ఖాళీ చెయ్యమంటుందనుకున్నాను. అన్నిటికీ సిద్ధపడ్డాను. నిజం చెప్పాలంటే అలా చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

అది నింపాదిగా నా కాళ్ళ మీద ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

"తెలుసక్కా," అంది. "ఆ రోజే నీ గోళ్ళు చూశాను. నీలంగా ఉన్నాయి. తాడు మీద ఒక్క బట్ట కూడా ఆరేసి లేదు."

"తెలిసే మూడేళ్ళు అందరి ముందూ నన్ను పొగిడావా?"

"అన్నిసార్లు పొగిడితే ఎప్పటికైనా నువ్వే చెప్తావనుకున్నా. ఇంత ఆలస్యం చేస్తావనుకోలా," అని కొంగుతో నా పాదాలు తుడవబోయింది. నేను వెనక్కి లాక్కున్నాను.

అది లేచి లోపలికి వెళ్ళి, ఇద్దరికీ కాఫీ పెడుతున్నానని కేకేసింది. గట్టు మీద కూర్చుండిపోయాను. గుండె తేలిక పడాలి కదా, పడలేదు. ఇల్లు దానిదైంది, వరండా దానిదైంది, సరే. చివరికి మన్నించడం కూడా నాకంటే ముందు అదే చేసేసింది. దేవుడు మంచిగుణం పంచిపెట్టేటప్పుడైనా పెద్దకోడలు ఒకతి ఉందని చూసుకోవద్దా అని, ఆ గట్టు మీద కూర్చునే మళ్ళీ కడుపు మండింది నాకు.