మొండిబాకీ లేని బ్రాంచి

మేనేజరుగారు ఆ బ్యాంకులో గుమాస్తాగా చేరిన రోజుల్లో అప్పు ఇవ్వడమంటే పెద్ద తతంగం. అడిగినవాడి దుకాణం చూసి, పక్క దుకాణంలో వాకబు చేసి, అప్పుడు కూడా అడిగినదాంట్లో సగమే ఇచ్చేవారు. తరవాత బ్యాంకు పద్ధతి మారింది. ఎన్ని కొత్త అప్పులు ఇస్తే బ్రాంచికి అంత పేరు. అందులో ఒక్కటి మొండిబాకీ అయినా మేనేజరు మెడకు చుట్టుకుంటుంది. ఇక మన మేనేజరుగారు ఓ దారి కనిపెట్టారు. ఎవరైనా వాయిదా కట్టలేకపోతే ఇంకాస్త పెద్ద అప్పు ఇచ్చి, దాంతో పాతది తీర్పించేవారు. పాతది వసూలైనట్టూ ఉండేది, కొత్త వ్యాపారం జరిగినట్టూ ఉండేది. పైగా జనానికి మేలు చేస్తున్నాననే అనుకునేవారు పాపం.

ఆ ఏడు మొండిబాకీ ఒక్కటీ లేనందుకు ఆయన బ్రాంచికి షీల్డు వచ్చింది. సభలో ఒక మంచి ఖాతాదారు నాలుగు ముక్కలు చెబితే బాగుంటుందని పరుపులు కుట్టే ఆవిడను పిలిచారు. ఆవిడ మైకు అందుకుంది.

"ఈ బాబు దేవుడండీ! మూడుసార్లు వాయిదా తప్పాను, పల్లెత్తు మాట అనలేదు. పిలిచి కూచోబెట్టి, ఇంకో అప్పు తీసుకుని పాతది కట్టేయమ్మా అన్నారు. ఇప్పుడు నా అప్పు మొదటిదానికి రెండింతలైంది. అయినా బాకీ లేనట్టేనంట! రేపు ఇంటి కాగితాలు తెస్తే మళ్ళీ ఇస్తారు!"

హాలంతా చప్పట్లు. పెద్దాఫీసరు అందరికంటే గట్టిగా కొట్టాడు. మేనేజరుగారికి మాత్రం కుర్చీలో ఎటు జరిగినా ముళ్ళే.

సభనుంచి ఇంటికొచ్చే దారిలో, వెంట వచ్చిన భార్య అడిగింది. "ఏమండీ, ఆవిడ మిమ్మల్ని పొగిడిందా, పట్టించిందా?"

"పొగిడిందే. అదే నా ఖర్మ."

"మరి ఆవిడ ఇల్లు?"

ఇంటి గుమ్మం ముందు ఆయన తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నారు. అది చేతిలోనే ఉంది.

మర్నాడు బ్యాంకు తలుపులు తీయగానే ఆవిడ వచ్చి, సంచీలోంచి ఇంటి కాగితాలు తీసి బల్లమీద పెట్టింది.

"సంతకం ఎక్కడ బాబూ?"

ఆయన కాగితాలు వెనక్కి జరిపారు. "వద్దమ్మా. ఇల్లు తాకట్టు పెట్టకండి. ఇప్పుడున్న అప్పు మొండిబాకీ అని రాసేస్తాను. మీరు కట్టగలిగినంతే వాయిదా పెట్టమని పైవాళ్ళను అడుగుతాను."

ఆవిడ మొహం మాడిపోయింది. "నిన్న అంతమందిలో మంచి ఖాతాదారునన్నారు. తెల్లారేసరికి మొండిదాన్నయ్యానా? ఏం తప్పు చేశాను బాబూ?"

"తప్పు మీది కాదమ్మా, నాది."

"మరి రాసేది నా పేరు మీదేగా?"

ఆవిడ కాగితాలు సంచీలో కుక్కుకుని విసవిసా నడిచింది. గుమాస్తాలంతా చూస్తుండగా మేనేజరుగారు వాకిలిదాకా వెంటపడి, "క్షమించండమ్మా" అన్నారు. వినడానికి ఆవిడ ఆగితేగా!