చప్పిడి సంగటి

మా అత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కడపలో కుక్కల డాక్టర్ దగ్గర వరసలో కూర్చుని ఉన్నాను. ఒళ్లో మా పండు ఉంది. ముసలి బొచ్చుకుక్క, గుండె జబ్బుది. "అమ్మ లేదు. వచ్చేయ్" అన్నారు మా ఆయన.

రెండు దినాలుగా అత్తకు ఒంట్లో బాగలేదు. పొద్దున మైదుకూరులో నేను ఆటో ఎక్కేటప్పుడు గడప పట్టుకుని నిలబడింది. "ఈ రోజు వద్దులే అత్తా, రేపు పోతా" అంటే వినలేదు. "దానికి ఊపిరి ఎగపోత ఎక్కువైంది, కనపడలేదా? నాకేమైతాది? ఆలస్యం చేయొద్దు, బిన్నా పోయి రా" అంది. నేను పోయాక మంచం మీద పడుకుందట. మళ్లీ లేవలేదు.

ఆ రోజు నేను ఎవరి దగ్గర ఉండాల్సింది అని అడిగినవాళ్లు ఉన్నారు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. అడిగి అడిగి అలసిపోయి మానేశాను.

అత్తది ఆత్మకూరు వైపు. ఒంటికి ఏది వచ్చినా ఆమెకు ముందు గుర్తొచ్చేది చెట్టు, తర్వాతే డాక్టర్. పండు గుండెలో కవాటం సరిగా మూసుకోవడం లేదని, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని తెలిసిన వారంలోనే పుట్టింటి నుంచి తెల్లమద్ది చెక్క తెప్పించింది. వాళ్ల నాయన గుండె నొప్పికి దాని కషాయమే తాగేవాడట. ఇంకొక రోజు తెల్లగడ్డలు పాలలో ఉడకబెడుతూ కనపడింది. అది గుండెకు మంచిదని.

నేను ఇవన్నీ కాగితం మీద రాసుకుపోయి డాక్టర్‌ను అడిగాను. వెల్లుల్లి, ఉల్లి ఏదైనా కుక్కలకు విషమని, వాసన కూడా చూపించవద్దని చెప్పారు. మద్ది చెక్క సంగతీ అడిగాను. "మనుషులకు వాడతారమ్మా. కుక్కకు ఎంత ఇవ్వాలో, ఈ మాత్రలతో కలిస్తే ఏమవుతుందో నాకు గట్టిగా తెలియదు. తెలియనిది పెట్టొద్దు" అన్నారు. చేపనూనె మాత్రకు మాత్రం ఒప్పుకుని, బరువు చూసి ఎంతో చెప్పారు. అదీ గుండె మాత్ర, నీరు తీసే నీళ్ల మాత్ర మానకుండా.

ఇంటికి వచ్చి చెబితే అత్త చేపనూనె డబ్బా మూత తీసి వాసన చూసింది. "మైదుకూర్లో మనుషులకే మంచి చేప దొరకదు. దొరసానికి మాత్రల్లో వస్తాండాదే!" అని నవ్వింది. తెల్లగడ్డల పాలు మారు మాట లేకుండా పారబోసింది. కాచిన మద్ది కషాయం మాత్రం పారబోయడానికి మనసు రాక తానే తాగేసింది.

ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి, మీ అత్త కుక్కకు ఏదో చెక్క పెట్టి బాగుచేసిందంట గదా, మాకూ చెప్పు అంటారు. ఆ చెక్క పండు నోటికి పోనేలేదు. జరిగింది వేరే.

డాక్టర్ చెప్పినవాటిలో నాకు బాగా పట్టుబడింది ఊపిరి లెక్క. కుక్క నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు ఒకసారి లేచి దిగితే ఒకటి. నిమిషానికి ఎన్నో రాయాలి. ముప్పై దాటుతుంటే ఫోన్ చేయాలి. నేను ఒక నోటుపుస్తకం పెట్టి పూటపూటా రాశాను. పండుకు వేరే గిన్నెలో ఉప్పు లేని సంగటి, ఉప్పు లేకుండా ఉడికించిన కోడిముక్కలు. ముద్దలో మాత్రలు దాచి, అన్నీ కొలిచి అత్త చేతికి ఇచ్చేదాన్ని. ఎందుకంటే పండు మధ్యాహ్నం ముద్ద ఆమె చేతి నుంచే తినేది. ఆమె తన కంచం పెట్టుకుని పెరట్లో కూర్చుంటే ఎదురుగా కూర్చునేది. "కొలత నీది, చెయ్యి నాది" అనేది అత్త.

ఇంత చేసినా ఊపిరి లెక్క తగ్గలేదు. ఇరవై ఎనిమిది, ముప్పై రెండు, ముప్పై ఆరు. డాక్టర్ నీళ్ల మాత్ర పెంచారు. అయినా పొట్ట ఎగరేస్తూనే ఉంది. ఇంట్లో ఉప్పు ఏమైనా తగులుతోందా అని అడిగితే నేను నోటుపుస్తకం ముందు పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, "బాగా రాశారు. ఇంట్లో ఇంకెవరు పెడతారు?" అన్నారు. నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో నేను కొలవకుండా ఏదీ దానికి పోదు అన్నాను.

మరుసటి మధ్యాహ్నం నీళ్ల చెంబు ఇద్దామని పెరట్లోకి పోయాను. అత్త కొంగు ముడి విప్పి రెండు ఉప్పురాళ్లు తీసింది. అరచేతిలో నీళ్లు పోసి కరిగించి, పండు ముద్ద మీద చల్లింది.

"ఏం చేస్తాండావు అత్తా?"

ఆమె దాచుకోలేదు. "రెండు రాళ్లే మ్మే."

"ఎన్ని దినాల నుంచి?"

"నువ్వు చప్పిడి పెట్టిన కాన్నుంచి."

"దాని ప్రాణం పోతాది. తెలుస్తాందా నీకు?"

"పన్నెండేండ్లు మన ఇంట్లో ఉప్పు తిన్యాది" అంది. "ఇప్పుడు చప్పిడి పెడితే దానికేం తెలుస్తాది, రోగమనా? ఈళ్లకు నేను బరువైతినని అనుకుంటాది. కూలికొచ్చిన మనిషికి గూడా నేను చప్పిడి కూడు పెట్టలేదు."

నేను అనకూడని మాట అన్నాను. "నీకు బీపీ ఉండాది, ఎందరు చెప్పినా ఉప్పు మానవు. నువ్వు పోయేది గాక దాన్ని గూడా తీసుకుపోతాండావు."

అత్త ముద్ద తీసి పారేసి, చెయ్యి కడుక్కుని లోపలికి పోయింది. కొంగుకు మళ్లీ ముడి వేయలేదు.

తెల్లవారి నేను పొయ్యి దగ్గర ఉంటే వచ్చి నిలబడింది. "ఈ పొద్దు నుంచి నాకూ ఆ గిన్నెలోనే చెయ్యి" అంది.

"అలిగినావా అత్తా?"

"అలిగితే పస్తు పండుకుంటా గానీ చప్పిడి తింటానా? అది నా మొగం చూసి తింటాది మ్మే. నేనొకటి తింటా దానికొకటి పెట్టేది నాతో గాదు."

రెండు పూటల ముచ్చట అనుకున్నాను. ఏడాదిన్నర తింది. అదే ముద్ద, కోడిముక్కలు ఉడికిన అవే నీళ్లు. ఊరగాయ జాడీని తనే చెప్పి పై అటక మీద పెట్టించింది. ఉప్పు ఆగి, పెంచిన మాత్ర పట్టాక పండు ఊపిరి వారంలో ఇరవై ఆరుకు దిగింది. నేను నోటుపుస్తకం చూపిస్తే, "నాకు చదువొస్తాదా? దాని పొట్ట చూస్తే తెలుస్తాంది లే" అంది.

పెద్దకర్మకు మా ఆడబిడ్డ రాజంపేట నుంచి వచ్చింది. వాళ్లమ్మకు ఇష్టమని కారం దట్టించి నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తనే చేసి విస్తట్లో పెట్టింది. పెట్టి, నా వైపు తిరిగి, "కడాకు మాయమ్మ నోటికి రుచి గూడా లేకుండా జేస్తివి గదా వదినా" అంది. అందరూ విన్నారు. అత్త తానే అడిగిందని చెప్పవచ్చు. కానీ నేను ఆ రోజు పెరట్లో అన్న మాట ఆడబిడ్డకు తెలియదు, నాకు తెలుసు.

అందరూ వెళ్లిపోయాక చూస్తే ఇంట్లో మిగిలిన పని పండు ఒక్కటే. అత్త పోయినప్పటి నుంచి అది సరిగా తినలేదు. మాత్ర పొడి చేసి పెట్టినా, నోరు తెరిచి వేసినా ఉమ్మేస్తోంది. ఊపిరి ముప్పై నాలుగు. మా ఆయన ముద్ద పట్టుకుని బతిమాలారు. మొహం పక్కకు తిప్పుకుంది. "ఇంక దానిష్టం, వదిలెయ్" అన్నారు. నాకూ వదిలేయాలనే ఉంది. ఒంట్లో ఓపిక లేదు.

నిన్న మధ్యాహ్నం చప్పిడి గిన్నె దించి, ఎందుకో రెండు ముద్దలు తీశాను. మాత్రలు దాచింది పండుకు పెట్టి, ఇంకొకటి నా కంచంలో వేసుకుని పెరట్లో నేల మీద కూర్చున్నాను. ఏడాదిన్నర ఆ గిన్నె వండాను, కొలిచాను, రాశాను. ఒక్కసారి కూడా నోట్లో వేసుకుని చూడలేదు.

కోడినీళ్లలో ముంచి నోట్లో పెట్టుకున్నాను. తడిమట్టి తిన్నట్టుంది. గొంతు దిగలేదు. పండు నాలుగడుగుల దూరంలో కూర్చుని నా నోటి వంకే చూస్తోంది. చెంబెత్తి రెండు గుక్కలు తాగి మింగాను. అది లేచి వచ్చి, మాత్రలున్న ముద్ద ముందు తల వంచింది. ఒక కొరుకు కొరికి ఆగి, మళ్లీ నా మొహంలోకి చూసింది. నేను ఇంకొక ముద్ద తుంచుకున్నాను.