విడిగా కుట్టిన చివరి అధ్యాయం

శుక్రవారం. మబ్బుగా ఉంది, వాన లేదు. పొద్దున నా రిపేరు కొట్టులో ఒక మోటారు విప్పి బేరింగులకు గ్రీజు పెట్టాను. చేతులు తుడుచుకుంటుంటే తెలిసింది, బైండింగ్ బాబాయి పోయాడని. వెళ్ళి, పిడికెడు మట్టి వేసి వచ్చాను. ఏడుపు రాలేదు.

నరసరావుపేటలో చదువుకున్న మీలో చాలామంది పుస్తకాలకు ఆయనే అట్టలు వేసి ఉంటాడు. బడి మానేసిన నేను, జనం ఆయన దుకాణంలో వదిలేసిపోయిన నవలలతోనే చదవడం నేర్చుకున్నాను.

ఆయనకొక పద్ధతి ఉండేది. నవల చివరి అధ్యాయం ఊడదీసి, విడిగా కుట్టి అరలో పెట్టేవాడు. "ఆ మనిషి చోట నువ్వుంటే ఏం చేస్తావో చెప్పు, అప్పుడిస్తా" అనేవాడు.

ఒకసారి గోడ కట్టుకున్న ఊరి కథ ఇచ్చాడు. అక్కడ ఆకలి లేదు, హత్యల్లేవు. బదులుగా పేర్లు, వరసలు వదులుకోవాలి. అందరికీ నంబర్లే. ఒకడికి గేటు తాళం దొరుకుతుంది. పోవాలా, ఉండాలా?

"లోపలే ఉంటా బాబాయ్."

"ఏందిరా, నంబరేసిన గొర్రె లాగానా?"

"ఆ గోడుంటే మా నాన్న బతికేవాడు."

మా నాన్న ఊరి కక్షల్లో పోయాడు. ఆ పగ నా మీదికి రాకూడదని అమ్మ నన్ను పేటకు తెచ్చి, ఆయన పేరు ఎవరికీ చెప్పొద్దంది. చెప్పలేదు.

బాబాయి జిగురు కలపడం ఆపాడు. "నిజమేరా, బతికేవాడు. మరి ఆయన్ని ఏమని పిలిచేవాడివి?"

మాట ప్రకారం చివరి అధ్యాయం చేతికిచ్చాడు. తేల్చుకోలేక దాన్ని బల్ల మీదే పెట్టేసి వచ్చాను.

ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా అడిగేవాడు. "తేల్చుకున్నావా?"

"ఇంకా లేదు బాబాయ్."

"ఆ గోడ లోపలి ఊరేం చానా పెద్దది కాదుగా. ఇంకెన్నాళ్ళు తిరుగుతావు?"

పదకొండేళ్ళు అలాగే గడిచాయి.

ఈ రోజు మట్టి వేసి వస్తుంటే బాబాయి కూతురు గుమ్మంలోకి పిలిచింది. చేతిలో పొట్లం.

"మా నాన్న నీకోసం దాచాడన్నా. ఊరికే ఇవ్వొద్దన్నాడు. ఇంతకీ ఉంటావా, పోతావా?"

"పోతానమ్మా."

"ఎందుకని?"

మా నాన్న పేరు చెప్పాను. గట్టిగానే చెప్పినట్టున్నాను, వీధిలో ఇద్దరు తిరిగి చూశారు. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో, పొట్లం చేతిలో పెట్టింది.

ఇప్పుడది నా బల్ల మీద ఉంది. ఇంకా విప్పలేదు. పైకాగితం మీద ఎండిన జిగురులో ఆయన బొటనవేలి ముద్ర ఉంది. పొద్దున విప్పిన మోటారు ఇంకా బిగించలేదు.