పేతురు బిడ్డ, పటేలు మనవడు

మొయినాబాద్ నుంచి చిల్కూరు గుడికి ఆటో నడిపే పేతురు ఆదివారం పొద్దున మాత్రం బండి తీయడు. చర్చికి పోతాడు. మిగతా రోజుల్లో వీసా కోసం మొక్కే పిల్లలను గుడి దగ్గర దింపుతాడు. వాళ్ల మాటలు వినీ వినీ అమెరికా అంటే అతనికి గుడి వెనకాలే ఉన్నట్టు అనిపించేది. తన బిడ్డ ప్రేమజ్యోతి అక్కడి పెద్ద కాలేజీకి దరఖాస్తు పెడతానన్నప్పుడు మాత్రం అది ఒక్కసారిగా ఏడు సముద్రాల అవతలికి జరిగిపోయింది.

తేరుకున్నాక చేసిన మొదటి పని, మీసేవలో కొత్త కుల సర్టిఫికెట్ తీయించడం. హాస్టల్ సీటైనా స్కాలర్‌షిప్పైనా ఆ ఇంటికి ఆ కాగితంతోనే వచ్చాయి మరి. చేవెళ్లలో కన్సల్టెన్సీ నడిపే సన్నీ ముందు దాన్ని భద్రంగా పెట్టాడు.

సన్నీ పగలబడి నవ్వాడు. “అన్నా, గిది ఆడ ఎవలికి కావాలె? మనోళ్లంత ఆడ ఇంటర్నేషనలే. ఒకటే కుప్ప.”

“మనోళ్లంటే ఎవలు?”

“ఇండియా నుంచి రాసినోళ్లంత. నీ బిడ్డ, గా కాలేజీకే రాస్తున్న మీ జంగయ్య పటేలు మనవడు అభిలాష్, జూబ్లీహిల్స్ పోరగాళ్లు, అందరు.”

జంగయ్య పటేలు ఊరికి మాజీ సర్పంచ్. ఆ వాకిట్లో పేతురు తండ్రికి చాయ్ వేరే గ్లాసులో పోసేవారు. ఆ ఇంటి మనవడూ తన బిడ్డా ఒకే కుప్పలోనా!

“మరి కుప్పలకెల్లి ఎట్ల ఏరుతరు?”

“చదువు చూస్తరు, రాసింది చూస్తరు. ఫీజు మాఫీ అడిగితే మాత్రం కష్టమే. బయటి దేశమోళ్లకు పైసలిచ్చి తీసుకునుడు తక్కువ. అభిలాష్ అడుగలే. జ్యోతిని గూడ అడగొద్దను.”

జ్యోతి ఒప్పుకోలేదు. “సీటొచ్చినంక ఆటో అమ్ముతవా బాపు? అమ్మినా ఒక్క నెలకు గూడ ఎల్లది. అడుగుత. ఇస్తే పోత, లేకుంటే లేదు.”

అడిగింది.

తర్వాత ఆ కాలేజీ నుంచి ఒకావిడ ఇంటర్వ్యూ కోసం వీడియో కాల్ చేసింది. ఇంట్లో సిగ్నల్ అందక జ్యోతి ఆటో వెనక సీట్లో కూర్చుని మాట్లాడింది. పేతురు రోడ్డు మీద నిలబడి హారన్ కొట్టేవాళ్లను చేత్తో ఆపుతున్నాడు. ఇంగ్లీషు అర్థం కాలేదు. బిడ్డ గొంతు అర్థమైంది. ఏ ఆఫీసులోనూ తన గొంతు అంత నిటారుగా నిలబడలేదు. అవతలావిడ నవ్వింది, జ్యోతీ నవ్వింది.

మార్చిలో జవాబొచ్చింది. సీటు లేదు. జ్యోతి ఆటో స్టాండుకే వచ్చి చెప్పింది.

“మన కులం చూసి కాదన్నరా బిడ్డా?”

“మనమెవలమో వాళ్లకు తెల్వనే తెల్వదు బాపు. పైసలు అడిగినందుకో, నాకన్న మంచిగ రాసినోళ్లు ఉన్నందుకో.”

కాదనిపించుకోవడం ఆ ఇంటికి కొత్త కాదు. కాదన్నవాళ్లకు తమ కులం తెలియకపోవడం కొత్త.

అంతలో జంగయ్య పటేలు కారు ఆగింది. “మావోనికి రాలేదురా పేతురు! అన్ని పైసలు కడ్తమన్నా రాలే. నీ బిడ్డకు?”

“రాలేదు పటేలా.”

జ్యోతి ఫోన్లోని జవాబూ, పటేలు ఫోన్‌కు మనవడు పంపిన జవాబూ పక్కపక్కన పెట్టి చూశారు. పేర్లు తప్ప అక్షరం తేడా లేదు. పటేలు మొహం మాడింది. పేతురు మాత్రం ఆ రెండు జవాబులనూ కళ్లార్పకుండా చూశాడు.

“ఇంకేడికన్న రాస్తున్నవా బిడ్డా?” అన్నాడు పటేలు, జర తగ్గి. “మావోడు నీతోని కూసుని రాస్తడట.”

“రేపు మాపటికి మా ఇంటికి రమ్మను తాతా. ఒకటే కుర్చీ ఉన్నది, నాకు కావాలె. ఆయన కింద కూసోవాలె మల్ల.”

పేతురు చప్పున పటేలు మొహం చూశాడు. పటేలు జ్యోతిని ఎగాదిగా చూసి, “కూసుంటడు తియ్యి,” అన్నాడు.

“చిల్కూరుకు వస్తవా అన్నా?” అని ఎవరో అడుగుతూనే ఉన్నారు. పేతురుకు వినపడలేదు. బిడ్డను చూస్తున్నాడు.